యంత్రం రాసే చిట్టా – మనిషి చదివే తీరు

విద్యుత్ కేంద్రంలో కరెంటు, బూడిద తయారవుతాయని మన టౌన్‌షిప్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వీటితోపాటు రాత్రింబవళ్లు తెంపు లేకుండా తయారయ్యే సరుకు మరొకటి ఉన్నది. అది రాత. ఏ పంపు ఏ క్షణాన నడిచింది, ఏ వాల్వు ఎప్పుడు మూసుకున్నది, ఏ బేరింగు ఎంత వేడెక్కింది అన్న సంగతులను కంట్రోలు రూములోని కంప్యూటర్లు ఒక్కొక్క వరుసగా రాసుకుంటూ పోతాయి. దానిని మేము ‘ఈవెంట్ లాగ్’ అంటాము. పాత షావుకార్ల భాషలో చెప్పాలంటే అది చిట్టా. జరిగినది జరిగినట్టు, వరుస తప్పకుండా, ఎప్పటికప్పుడు రాసిపెట్టే పుస్తకం.

అయితే షావుకారు చిట్టాను రాసినవాడే చదువుకునేవాడు. అందులోని పొడి అక్షరాలు అతనికి అర్థమైతే చాలును. మా చిట్టా సంగతి వేరు. ఇక్కడ రాసేవాడు ఒకడు, చదివేవాడు మరొకడు. ‘ఈ పరికరానికి ఇలా జరిగితే ఈ మాట రాయి’ అని కంప్యూటరుకు ముందుగా నేర్పిన వ్యక్తి ఎక్కడో ఒక డిజైన్ కార్యాలయంలో, పగటిపూట, డ్రాయింగులు ముందు పెట్టుకుని, కాఫీ తాగుతూ ఆ పని చేసి ఉంటాడు. చదివేవాడు రాత్రి రెండున్నరకు, హూటరు చెవులు చిల్లులు పొడుస్తుండగా, కుర్చీలోంచి లేచి నిలబడి చదువుతాడు. ఈ ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని గురించి, నా ఉద్యోగ జీవితంలో సగానికి పైగా ఆ దూరంతో వేగిన మనిషిగా, నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

‘లాగ్’ అన్న ఆంగ్ల పదానికి అసలు అర్థం దుంగ. తెరచాప ఓడల కాలంలో నావికులు తాడుకు కట్టిన కొయ్య ముక్కను సముద్రంలోకి విసిరి, నిర్ణీత సమయంలో ఆ తాడు మీది ముడులు ఎన్ని చేతిలోంచి జారాయో లెక్కపెట్టి ఓడ వేగాన్ని తెలుసుకునేవారు. ఆ లెక్క రాసుకునే పుస్తకం లాగ్ బుక్ అయింది. ముడులను బట్టే ఓడ వేగానికి ‘నాట్’ అన్న కొలత వచ్చింది. కొయ్య పోయినా పేరు మిగిలింది.

నేను 1991లో ఉద్యోగంలో చేరినప్పుడు కంట్రోలు రూములో లాగ్ అంటే నిజంగా పుస్తకమే. ఎర్రటి అట్ట, గీతల కాగితం, దారంతో కట్టిన బాల్‌పాయింట్ పెన్ను. మా షిఫ్ట్ ఇన్‌చార్జి గారు అందులో రాసే తీరు నాకిప్పటికీ గుర్తు. ఫలానా సమయానికి మిల్లు కంపిస్తున్నది, కిందికి వెళ్లి స్వయంగా చూశాను, బొగ్గు తగ్గించాను, కంపనం తగ్గింది, ఉదయం మెకానికల్ వారు బోల్టులు బిగించవలెను – ఇంతే. ఏమి జరిగింది, ఎలా తెలిసింది, ఏమి చేశాము, ఇంకేమి మిగిలింది అన్న నాలుగు సంగతులూ నాలుగు వాక్యాల్లో ఉండేవి. ఆయన డిప్లొమా హోల్డరు. ఇంగ్లీషు వ్యాకరణం అక్కడక్కడ తడబడేది. కాని తరువాతి షిఫ్టుకు వచ్చినవాడు ఆ పేజీ చదివితే చాలు, ఎవరినీ ఏమీ అడగనవసరం లేదు.

పుస్తకం స్థానంలోకి కంప్యూటరు వచ్చిన తరువాత రాత వెయ్యింతలు పెరిగింది, చదువు మాత్రం తగ్గిపోయింది. అందుకు కారణం ఆ రాత చూస్తే తెలుస్తుంది. పాత కంప్యూటరులో ఒక సందేశానికి 32 అక్షరాలకు మించి చోటు ఉండేది కాదు. కనుక పదాలన్నిటికీ తోకలు కత్తిరించారు. బాయిలరుకు నీరు తోడే ఫీడ్ పంపులో కందెన నూనె పీడనం పడిపోయిందనుకోండి. ‘లూబ్ ఆయిల్’ అన్న రెండు మాటలకు ఎల్, ఓ అన్న రెండు అక్షరాలు. ‘లో’ అంటే తక్కువ, దానికీ అవే రెండు అక్షరాలు. ఆ వరుసలో పంపు నంబరు తరువాత ఒక ఎల్.ఓ., మధ్యలో పీడనానికి పి.ఆర్., చివర మళ్లీ ఎల్.ఓ. వస్తాయి. మొదటి ఎల్.ఓ. నూనె, రెండవ ఎల్.ఓ. తక్కువ. కొత్తగా వచ్చిన ట్రైనీ ఇంజనీరు దానిని చూసి ‘లో ప్రెషర్ లో’ అని చదివి, తక్కువ పీడనం తక్కువైతే ఎక్కువైనట్టా అని అడిగాడు. నవ్వాము కాని, అతని ప్రశ్నలో తప్పేమీ లేదు.

ఎఫ్.ఎల్.టి. అని ఉంటే అది ఫాల్టు కావచ్చు, ఫిల్టరు కావచ్చు, ట్యాంకులో తేలే ఫ్లోటు కావచ్చు. టి.ఆర్. అంటే ట్రిప్ అనీ అనుకోవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ అనీ అనుకోవచ్చు. వీటన్నిటికంటె వినోదమైనది మరొకటి. ఏదైనా లోపం తలెత్తి, తరువాత సర్దుకుంటే కంప్యూటరు పాత సందేశానికే చివర ‘నార్మల్’ అన్న మాట తగిలించేది. ఆ విధంగా ‘కమ్యూనికేషన్ ఫెయిల్ నార్మల్’ అనీ, ‘వైబ్రేషన్ వెరీ హై నార్మల్’ అనీ తెర మీద కనపడేవి. ఒకసారి స్టేషన్ చూడడానికి కుటుంబాలతో వచ్చినప్పుడు మా ఆవిడ ఆ వరుస చదివి, “ఏమండీ, మీ దగ్గర ఫెయిలవడం కూడా మామూలేనా?” అన్నది. మా ఆపరేటర్లు ఆ మాటను చాలా రోజులు తలుచుకున్నారు.

పొట్టిగా రాయడం తప్పని నేను అనడం లేదు. టెలిగ్రాము కూడా పొట్టిదే. మన దేశంలో 2013 జులైలో ఆ సేవ నిలిచిపోయింది కనుక నేటి పిల్లలకు తెలియదు గాని, నా వయసు వారికి ‘ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అన్న నాలుగు మాటలు ఎంత పని చేసేవో తెలుసు. ఎవరికి, ఏమైంది, నీవేమి చేయాలి – మూడూ ఉన్నాయి. మాటకింత అని డబ్బు కట్టవలసి వచ్చినా మన పల్లెటూరి పోస్టుమాస్టర్లు ‘ఫాదర్’ను ‘ఎఫ్.డి.ఆర్.’ అని రాయలేదు. తగ్గించవలసినది మాటల సంఖ్యను గాని మాటలోని అక్షరాలను కాదని వారికి తెలుసు.

ఇక్కడ 2008 వర్షాకాలంలో జరిగిన ఒక ఉదంతం చెప్పాలి. నేను అప్పుడు పనిచేస్తున్న స్టేషన్ పేరు ఇక్కడ అవసరం లేదు. 210 మెగావాట్ల యూనిట్. ఆ తరహా యూనిట్‌లో బాయిలరుకు మూడు ఫీడ్ పంపులు ఉంటాయి. రెండు నడుస్తాయి, మూడవది సిద్ధంగా నిలబడి ఉంటుంది. నడిచే వాటిలో ఒకటి ఆగిన వెంటనే మూడవది తనంతట తాను అందుకోవాలి. అందుకోకపోతే బాయిలరు డ్రమ్ములో నీటి మట్టం చూస్తుండగానే పడిపోతుంది. మరీ పడిపోతే రక్షణ వ్యవస్థ మంటను ఆర్పేస్తుంది. లేకపోతే గొట్టాలు మాడిపోతాయి.

ఆ రాత్రి రెండు గంటలు దాటాక కందెన నూనె పీడనం తగ్గి ఒక పంపు ఆగింది. మూడవది అందుకోలేదు. డ్రమ్ము మట్టం పడిపోయింది, బాయిలరు ఆగింది, యూనిట్ ఆగింది. అప్పుడు డెస్కు దగ్గర ఉన్న ఆపరేటరు, రక్షణ వ్యవస్థ పనిచేసిన తరువాత నిర్ధారణ కోసం అత్యవసర బటన్లు రెండూ కలిపి నొక్కాడు. అలా నొక్కాలని లిఖితపూర్వకమైన ఆదేశమే ఉన్నది.

మరునాడు విచారణ. బల్ల మీద లాగ్ కాగితం. అందులో ఒకే సెకను కింద నాలుగు వరుసలున్నాయి. అన్నిటికంటె పైన ఉన్నది అత్యవసర బటన్ నొక్కినట్టు చెప్పే వరుస. దాని కింద డ్రమ్ము మట్టం. కాగితాన్ని పైనుంచి కిందికి చదివేవారెవరైనా ఏమనుకుంటారు? మనిషి కంగారుపడి బాయిలరును ఆపాడు, మిగిలినవన్నీ తరువాత జరిగాయి అనుకుంటారు. అనుకున్నారు. అతనికి మెమో ఇచ్చారు. ఇంక్రిమెంటు ఆగుతుందన్న మాట క్వార్టర్లలో పాకింది. మన కాలనీల్లో ఇటువంటి మాటలు మంచినీళ్ల పంపు దగ్గరికి చేరడానికి ఎంతసేపు పడుతుందో చదువరులకు నేను చెప్పనక్కరలేదు.

అతను నా దగ్గరికి వచ్చి, “సార్, నేను నొక్కేటప్పటికే బాయిలరు పడిపోయింది. కాగితం మీద నేనే ముందున్నాను. పాతికేళ్ల సర్వీసు నాది. ఇప్పుడు నా మాట నమ్ముతారా, కాగితం మాట నమ్ముతారా?” అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కాగితం అబద్ధం చెప్పలేదు. కాని అందులో లేని వరుసను మనం చదివాము. ఆ కంప్యూటరు ఒక సెకనులోపు జరిగిన సంఘటనలను వేరు చేయలేదు. అన్నిటికీ ఒకే గంట, ఒకే నిమిషం, ఒకే సెకను వేసి, ఆ తరువాత పరికరం కోడు నంబరును బట్టి అక్షర క్రమంలో అమర్చి అచ్చువేస్తుంది. బటన్ కోడు అక్షర క్రమంలో ముందు వస్తుంది, డ్రమ్ము కోడు తరువాత వస్తుంది. అంతే. హాజరు పట్టీలో పేరు ముందున్నవాడు బడికి ముందు వచ్చాడని అనుకోవడం వంటిది ఇది.

అదృష్టవశాత్తు అదే స్టేషన్‌లో ‘సీక్వెన్స్ ఆఫ్ ఈవెంట్స్’ రికార్డరు అనే మరో యంత్రం ఉన్నది. అది ముఖ్యమైన కొన్ని సంకేతాలను మాత్రమే చూస్తుంది, కాని సెకనులో వెయ్యోవంతు తేడాను కూడా పట్టుకుంటుంది. దాని కాగితాన్ని ఎవరూ అడగలేదు. దాని గడియారం మొదటి కంప్యూటరు గడియారంతో నాలుగు నిమిషాలు తేడాగా నడుస్తున్నందున, ఆ సమయం కింద వెతికిన వారికి ఏమీ కనపడలేదు మరి. రెండు కాగితాలలోనూ ఉన్న ఒక సంఘటనను, అంటే జెనరేటరు బ్రేకరు తెరుచుకోవడాన్ని, గుర్తుగా తీసుకుని, రెంటినీ పక్కపక్కన పెట్టి జరిపి చూశాము. డ్రమ్ము మట్టం ముందు. బటన్ ఆ తరువాత, సెకనులో దాదాపు ముప్పాతిక వంతు ఆలస్యంగా. మెమోను వెనక్కు తీసుకున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. మూడవ పంపు ఎందుకు అందుకోలేదు? ముందు షిఫ్టులోనే, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, లాగ్‌లో దాని పేరు పక్కన ఎన్.ఆర్. అన్న రెండు అక్షరాలు పడ్డాయి. రాసినవారి ఉద్దేశంలో అది ‘నాట్ రెడీ’. ఆ పంపు సహాయక నూనె పంపు ఆగిపోయినందున అది సిద్ధంగా లేదని అర్థం. కంట్రోలు రూములో విచారిస్తే సగం మంది దానిని ‘నార్మల్’ అని చదువుతున్నారని తేలింది. అప్పుడు మాకు నవ్వు రాలేదు. పైగా ఆ వరుసకు ముందూ వెనుకా బూడిద హాపర్ల మట్టాల సందేశాలు ఒకే తీరున బారులు తీరి ఉన్నాయి. ఐదు గంటల ముందే యంత్రం నోరు తెరిచి చెప్పింది. మన భాషలో చెప్పలేదు, అంతే తేడా.

ఇటువంటిది మన ఒక్కరి అనుభవమే కాదని తరువాత చదువుతూ తెలుసుకున్నాను. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో 1979 మార్చి 28న తెల్లవారుజామున జరిగిన ప్రమాదంలో కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. వాటిని అచ్చువేసే ప్రింటరు వెనకబడి, ఒక దశలో రెండు గంటలకు పైగా ఆలస్యంగా రాస్తూ వచ్చింది. నిప్పంటుకున్న ఇంట్లో రెండు గంటల కిందటి వార్త చదవడం ఎటువంటిదో ఊహించండి. అంతకంటె పెద్ద పాఠం ఒక చిన్న దీపంలో ఉన్నది. పీడనం తగ్గించే ఒక వాల్వు తెరుచుకుని, మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీది దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం వాల్వు నిజంగా ఎలా ఉన్నదో చూపేది కాదు, దానికి అందిన ఆజ్ఞను చూపేది. ‘మూసుకో’ అన్న ఆజ్ఞ వెళ్లింది కనుక దీపం ఆరింది, దీపం ఆరింది కనుక వాల్వు మూసుకున్నదని మనుషులు నమ్మారు. ఆ వాల్వులోంచి రెండు గంటలకు పైగా నీరు పోతూనే ఉన్నది. ‘మూయమని చెప్పాను’ అనడానికీ ‘మూసుకున్నది’ అనడానికీ మధ్య ఉన్న తేడాను మన ఇళ్లలో గ్యాస్ సిలిండరు విషయంలో ప్రతి ఇల్లాలూ పాటిస్తుంది. ఇంజనీర్లమే మరచిపోతాము.

ఇంగ్లండు పక్కన వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర ఒక చమురు శుద్ధి కర్మాగారంలో 1994 జులై 24న పేలుడు సంభవించింది. దానికి ముందు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చాయి. రెండున్నర సెకన్లకు ఒకటి పడిందన్న మాట. ఆ వేగంతో మన పేరు మనం వినడం కూడా కష్టమే. ఆ ప్రమాదంపై వచ్చిన నివేదిక తరువాత, 1999లో బ్రిటన్‌లోని పరిశ్రమల సంఘం ఈము, 191 సంఖ్యతో ఒక మార్గదర్శిని వెలువరించింది. మామూలు రోజున ఒక ఆపరేటరుకు 10 నిమిషాలకు ఒక అలారం మించకూడదనీ, పెద్ద అలజడి జరిగినప్పుడు కూడా మొదటి 10 నిమిషాల్లో పదికి మించకూడదనీ, మొత్తం అలారాలలో అత్యంత ముఖ్యమైనవి సుమారు 5 శాతమే ఉండాలనీ అందులో ఉన్నది. నా ఎరుకలో ఈ విషయం మీద దానికంటె ఇంగితం గల పుస్తకం లేదు.

మా స్టేషన్‌లో సందేశాల పాఠాన్ని మార్చే పని ఆ విచారణ తరువాత మొదలైంది. దీనికి బడ్జెట్టు ఏమీ లేదు. వారానికి ఒక మధ్యాహ్నం, ఒక గది, టీ. ముందుగా ఇంజనీర్లమే కూర్చుని మార్చుదామనుకున్నాము, కాని రెండవ వారం నుంచి ఆపరేటర్లను పిలిచాము. మెమో అందుకున్న ఆ ఆపరేటరును మొదటగా పిలిచాను. మొదట్లో మాట్లాడలేదు. నాలుగవ వారానికి అతను లేకపోతే పని సాగని స్థితి వచ్చింది.

అతను నేర్పిన మొదటి సంగతి, పరికరాన్ని కంట్రోలు రూములో ఏ పేరుతో పిలుస్తారో సందేశంలో ఆ పేరే ఉండాలని. డ్రాయింగులో ఆ పరికరానికి పది అంకెల కోడు ఉండవచ్చు, కాని ఫోనెత్తి కింద ఉన్న మనిషికి చెప్పేటప్పుడు ‘2సి ఫీడ్ పంపు చూడు’ అంటారు గాని కోడు చదవరు. నిర్వహణ విభాగం వారు కోడు తీసేస్తే మా పని ఎలాగని పట్టుబట్టారు. వారి మాటలోనూ న్యాయం ఉన్నది. కోడును చివరికి జరిపాము. కన్ను మొదట పడే చోట పేరు, తీరికగా చూసే చోట కోడు.

తరువాత అంకెల సంగతి. ‘డ్రమ్ లెవెల్ లో’ అంటే ఎంత తక్కువ? ‘డ్రమ్ లెవెల్ లో, మైనస్ 175 మి.మీ., ట్రిప్ మైనస్ 225’ అంటే ఇంకా 50 మిల్లీమీటర్ల జాగా ఉన్నదని చదివినవాడికి వెంటనే తెలుస్తుంది. కొలత విలువ, దాని పక్కనే హద్దు. ఈ ఒక్క మార్పుకు ఆపరేటర్లు చూపిన సంతోషం నేను మరి దేనికీ చూడలేదు. కంప్యూటరుకు ఆ రెండు అంకెలూ ఎప్పుడూ తెలుసు, మనమే అడగలేదు.

చేసినది ఎవరు అన్నది మూడవది. ‘పంపు ఆగింది’ అన్న ఒకే వాక్యం కింద మనిషి ఆపినదీ, రక్షణ వ్యవస్థ ఆపినదీ, తనంతట తాను ఆగినదీ అన్నీ పడి ఉండేవి. వాటిని విడదీశాము. ఆజ్ఞకు ఒక మాట, జరిగిన పనికి ఒక మాట పెట్టాము. వాల్వుకు ఆజ్ఞ వెళ్లి, నిర్ణీత సమయంలో అది కదలకపోతే ‘క్లోజ్ కమాండ్ ఇచ్చాము, వాల్వ్ మూసుకోలేదు’ అన్న అర్థం వచ్చేటట్టు రాశాము. ఎన్.ఆర్. అన్న రెండు అక్షరాలను స్టేషన్‌లోంచే బహిష్కరించాము. నాట్ రెడీ అని పూర్తిగా, పక్కన కారణంతో సహా. ఇందుకు 32 అక్షరాలు చాలేవి కావు. యంత్రం సరఫరా చేసినవారిని అడిగితే, పాఠం మార్చాలంటే మొత్తం డేటాబేసు తిరిగి ఎక్కించాలనీ, అది యూనిట్ నడుస్తుండగా కుదరదనీ అన్నారు. కనుక ఒక్కొక్క ఓవర్‌హాల్ కోసం కాచుకున్నాము. 2014లో కొత్త వ్యవస్థ వచ్చాకనే అక్షరాల కరువు తీరింది.

తెలుగులో రాస్తే పోదా అని కొందరు మిత్రులు అన్నారు. తెలుగు మీద నాకున్న మమకారం ఈ పత్రిక చదివేవారికి కొత్త కాదు. కాని మన కంట్రోలు రూములో ఒడిశా వారు, బీహారు వారు, తమిళులు కూడా షిఫ్టు చేస్తారు. రేపు బదిలీ మీద ఎవరు వస్తారో తెలియదు. చిక్కు ఇంగ్లీషుతో వచ్చినది కాదు. ఆ కత్తిరించిన అక్షరాలు ఇంగ్లీషు వాడికి కూడా అర్థం కావు. పదాన్ని పూర్తిగా రాస్తే అందరం చదవగలం.

అన్నిటికంటె కష్టమైనది ప్రాధాన్యం నిర్ణయించడం. ప్రతి విభాగమూ తన అలారమే అత్యంత ముఖ్యమని వాదించింది. బూడిద విభాగం వారు హాపరు నిండితే ప్రళయమన్నారు, నీటి శుద్ధి వారు క్లోరిన్ కంటె గొప్పది లేదన్నారు. ఆ రెండవ మాట కొంతవరకు నిజమే. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరని ఆనాడు మీటింగులో నేనంటే కాస్త మనస్తాపాలు కూడా కలిగాయి. చివరకు ఒకే ప్రశ్న పెట్టుకున్నాము: ఈ సందేశం చూసి ఆపరేటరు చేయవలసిన పని ఏమిటి? చెప్పగలిగితే అది అలారం. చెప్పలేకపోతే అది సమాచారం. లాగ్‌లో ఉండవచ్చు గాని హూటరు మోగించే హక్కు దానికి లేదు. బూడిద హాపర్ల బారులు ఆ ప్రశ్నతోనే తెర దిగిపోయాయి.

ఈ సంగతులు ఒక పండుగకు మా అమ్మాయితో చెప్పాను. తను బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నది. “నాన్నా, మా దగ్గరా ఇదే గొడవ” అని నవ్వి, వాళ్ల సర్వర్ల చిట్టాలు కొన్ని చూపించింది. సర్వర్లకు ‘సిస్‌లాగ్’ అనే పద్ధతి ఒకటి ఉన్నది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ కేంద్రంలో 1980ల దశకంలో ఎరిక్ ఆల్‌మన్ అనే ఆయన, తాను రాసిన మెయిల్ పంపే ప్రోగ్రాము కోసం దీనిని మొదలుపెడితే తరువాత అందరూ అందుకున్నారు. అందులో తీవ్రతకు సున్నా నుంచి ఏడు వరకు ఎనిమిది మెట్లున్నాయి. సున్నా అంటే వ్యవస్థ పడిపోయింది, ఏడు అంటే ప్రోగ్రాము రాసేవాడి సొంత గుర్తులు. ఆ మెట్ల ఏర్పాటు నాకెంతో నచ్చింది. కాని ఆ పాత పద్ధతిలో ప్రతి వరుసకు నెల, తేదీ, గంట, నిమిషం, సెకను ఉంటాయి గాని సంవత్సరం ఉండదు. ఏ దేశపు కాలమానమో కూడా ఉండదు. 2001లో ఆ వాడుకను గ్రంథస్థం చేసినప్పుడు కూడా అలాగే ఉన్నది. 2009లో వచ్చిన కొత్త ప్రమాణంలో సంవత్సరమూ కాలమాన భేదమూ చేర్చారు. మనకు ఇది చిన్న విషయం కాదు. ఒక యంత్రం ప్రపంచ ప్రామాణిక కాలంలోనూ, పక్కనున్నది మన భారత కాలంలోనూ రాస్తే రెంటికీ మధ్య ఐదున్నర గంటలు తేడా వస్తుంది. నాలుగు నిమిషాల తేడాకే ఒక మనిషి ఉద్యోగం మీదికి వచ్చింది.

గడియారాల విషయంలో పెద్ద దేశాలు కూడా తిప్పలు పడ్డాయి. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయినప్పుడు, ఓహయోలోని ఒక కంట్రోలు కేంద్రంలో అలారం ప్రోగ్రామే మధ్యాహ్నం మూగబోయింది. గంటకు పైగా ఎవరికీ తెలియలేదు. సందేశాలు రాకపోతే అంతా బాగున్నదనే కదా ఎవరైనా అనుకుంటారు! తరువాత విచారణ చేసినవారు వేలకొద్దీ నమోదులను ముందు వెనుకలుగా పేర్చడానికి నానా అవస్థలు పడ్డారు. చాలా రికార్డర్ల గడియారాలు ఒకదానితో ఒకటి కలవలేదు మరి. అన్నిటినీ ఒకే కాలానికి కట్టాలని వారు గట్టిగా సిఫారసు చేశారు. మన దేశంలో 2012 జులై 30, 31 తేదీలలో గ్రిడ్ కుప్పకూలినప్పుడు కూడా, 400 కిలోవోల్టుల బీనా–గ్వాలియర్ లైను, ఇతర లైన్లు ఏ క్రమంలో పడిపోయాయో తేల్చవలసి వచ్చింది. మా స్టేషన్‌లో ఇప్పుడు ఉపగ్రహాల నుంచి సమయం తీసుకునే ఒకే జి.పి.ఎస్. గడియారం అన్ని కంప్యూటర్లనూ నడిపిస్తున్నది. ఒకే సెకనులో పడిన వరుసలు కోడు క్రమంలో కాక జరిగిన క్రమంలో వస్తాయి. వేరు చేయలేనప్పుడు, పక్కన ‘క్రమం తెలియదు’ అన్న గుర్తు వేస్తాయి. ఆ గుర్తు కోసం నేను చాలా పోరాడవలసి వచ్చింది. తెలియనిది తెలియదని యంత్రం చేత చెప్పించడం, మనిషి చేత చెప్పించడమంత కష్టమేనని అప్పుడు అర్థమైంది.

ఆ ఆపరేటరు 2019లో పదవీ విరమణ చేశారు. చివరి రోజున కంట్రోలు రూములో సన్మానం జరుగుతుండగా, ఆయన దండ వేసుకుని కూడా ఓ కంట తెర వైపు చూస్తూనే ఉన్నారు.

పని ఇంకా మిగిలే ఉన్నది. బొగ్గు విభాగంలోనూ, బూడిద పంపు హౌసులోనూ ‘మిస్లేనియస్ అలారం’ అన్న పేరుతో వచ్చే సందేశాలు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. దాని వెనుక పది సంకేతాలను ఒకే తీగకు కట్టారు కనుక, ఏది మోగినా అదే మాట వస్తుంది. షిఫ్టు మనిషి నిచ్చెన ఎక్కి ప్యానెల్ తెరిచి చూడవలసిందే. వర్షంలోనైతే మరీ ఇబ్బంది. రాబోయే ఓవర్‌హాల్‌లో వాటిని విడదీయాలని అనుకున్నాము. ఆ రెండు చోట్ల షిఫ్టు చేసే మిత్రులు, తమకు అర్థం కాని సందేశాన్ని, అది వచ్చినప్పుడు నిజంగా జరిగినదానిని, దానికి తాము పెట్టదలచిన పేరును కంట్రోలు రూము బల్ల మీద ఉంచిన ఎర్ర అట్ట పుస్తకంలో రాయగోరుతున్నాను. పెన్ను దారంతో కట్టే ఉంచాము.